లోడు కూర్చున్న వైపు

ఇది ఇన్నాళ్లూ రాయలేకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు రావు. అరవై దాటాక మా వీధి చర్చి పక్కగదిలో, మనవరాలి వయసు పిల్ల దగ్గర పలక మీద దిద్దుకున్నాను. అంతవరకు నా ఉత్తరాలన్నీ ఎవరో ఒకరు రాసిపెట్టినవే. క్షేమ సమాచారమైతే చెప్పి రాయించుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. సగంలో రాసే చెయ్యి ఆగుతుంది, ఆ మనిషి తలెత్తి నా ముఖం చూస్తుంది.

ఉప్పల్ చౌరస్తాకు కొంచెం ఇవతల, వరంగల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. ముందు భాగంలో మా ఆయన కార్లు బాగుచేసేవాడు. వెనక భాగంలో ఆయన, నేను, మా అత్త ఉండేవాళ్లం. నీళ్లకు రోడ్డు అవతలి బావే దిక్కు. లారీల మధ్య సందు చూసుకుని దాటి, రోజుకు పన్నెండు బిందెలు మోసేదాన్ని.

నేను చిన్నప్పటి నుంచీ లావు. కారు కింద బరువు మోసే కమాన్ పట్టీలు మార్చాక, దాన్ని బరువు పెట్టి నడిపి చూడాలి. వేరే షెడ్లలో ఇసుక బస్తాలు వేసేవారు. మా ఆయన నన్ను కూర్చోబెట్టేవాడు.

"బస్తాలు మోసుడెందుకు? ఇంట్లనే లోడున్నది" అని గిరాకీల ముందు అనేవాడు. వాళ్లు నవ్వేవారు. మొదటి ఏడాది నేనూ నవ్వాను. తర్వాత నా పేరే లోడు అయింది. "లోడూ, చాయ్ తే." అత్త కూడా అలాగే పిలిచేది.

నాచారంలో ఫ్యాక్టరీలు కొత్తగా లేస్తున్న రోజులవి. అక్కడి ఒక సేటు బొంబాయిలో ఎవరిదో కారు నేలను ఆనుకుని పోతుంటే చూశాడట. తన కారూ అలాగే కిందికి దించాలన్నాడు. వెడల్పు రిమ్ములు, లావు టైర్లు తనే తెచ్చి షెడ్డులో పడేయించాడు.

"శుక్రవారం లోపట మంచిగ చేసియ్యి మిస్త్రీ. మా ఫ్యాక్టరీల బండ్ల నౌకరి నీదే. క్వార్టర్ గూడ ఇస్త, నల్లా ఉంటది" అన్నాడు.

నల్లా అన్న మాట నాకు పొయ్యి దగ్గరికి వినిపించింది. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. బిందె కింద పెట్టి చెవి తిప్పితే నీళ్లు వస్తాయి. ఇంట్లోనే.

మా ఆయన వెనక కమాన్లలో రెండేసి పట్టీలు తీశాడు. ముందు స్ప్రింగులు ఒక్కో చుట్టు కోశాడు. కొత్త చక్రాలు ఎక్కించాక కారు, ఎలుక కోసం పొంచిన పిల్లిలాగా నేలకు వంగి ఉంది. ఖాళీగా తిప్పితే చప్పుడు లేదు. తర్వాత నన్ను వెనక సీటులో ఎడమవైపు, అత్తను ముందు కూర్చోబెట్టి నాచారం దారి పట్టాడు. మొదటి గుంతలోనే ఎడమ చక్రం గర్రుమంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

మడ్‌గార్డు బయటి అంచు తగులుతోందని ఆయన దాన్ని సుత్తితో లోపలికి మడిచాడు. మర్నాడు మళ్లీ గర్రుమంది. ఇంకా కొట్టాడు. నేను కూర్చున్నది సరిగ్గా ఆ చక్రం మీద. ఆ రాపిడి తలుపు వైపు నుంచి రావడం లేదు. కారు లోపలి వైపు నుంచి, నా తొడ కింద నుంచి వస్తోంది.

"జర ఇనయ్యా" అన్నాను. "బయటి దిక్కు కాదు. లోపటి గోడకు రాసుకుంటున్నది టైరు. నాకు తెలుస్తున్నది."

ఆయన కారు ఆపాడు. "ఇన్నవా అమ్మా? బస్తా మాట్లాడుతున్నది."

"మూతి కుట్టకుంటే బస్తా గట్లనే కారుతది బిడ్డా" అంది అత్త.

గురువారం తెల్లవారుజామున గడపకు పూసే ఎర్ర జాజు నీళ్లలో కలిపి, ఎడమ చక్రం వెనక చెయ్యి దూర్చి లోపలి గోడకు పూశాను. మడ్‌గార్డు బయటి అంచుకు సున్నం పూశాను. ఎప్పటిలాగే ఆయన నన్ను ఎక్కించుకుని తిప్పుకొచ్చాడు. దిగి చూస్తే టైరు లోపలి వైపు అరచెయ్యంత వెడల్పున ఎర్రటి పట్టీ ఉంది. తెల్ల మచ్చ ఒక్కటీ లేదు. ఆయన్ను పిలిచి చూపించాను.

ఆ ఎరుపును వేలితో గీకి చూశాడు. తర్వాత నా కొంగు లాగి కిరసనాయిల్లో ముంచాడు. చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ఆ ఎరుపంతా నా కొంగుతోనే తుడిచాడు. చీర నా ఒంటి మీదే ఉంది. ఆయనతో పాటు నేనూ వంగి నిలబడ్డాను.

"సేటు ముంగట నోరు తెరిస్తే పండ్లు రాలుతయి" అన్నాడు.

సాయంత్రానికి లేతు పనివాడి దగ్గర పావు అంగుళం మందాన రెండు ఇనుప బిళ్లలు కోయించుకొచ్చాడు. వాటిని వెనక చక్రాలకూ బ్రేకు డ్రమ్ములకూ మధ్య పెట్టి బిగించాడు. చక్రం బయటికి జరిగింది. రాపిడి పోయింది.

శుక్రవారం సేటు భార్యాపిల్లలతో ఆ కారులో మేడిపల్లి దాకా వెళ్లొచ్చాడు.

"శబాష్ మిస్త్రీ. ఎట్ల పట్టినవ్?"

"టైరు మాట నాకు ఇనవడ్తది సేట్."

"చిన్నప్పటి సంది గంతే మావోడు" అంది అత్త.

నేను చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. ఉన్న రెండో చీర ఉతికి ఆరేశాను కాబట్టి ఒంటి మీద ఆ జాజు మరకల చీరే ఉంది. సేటు నా కొంగు చూశాడు. "ఏందమ్మా, హోళీ ఇప్పుడే ఆడినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయన. నేను నల్లాను తలుచుకుని ఊరుకున్నాను.

"రేపొద్దున కారు నువ్వే తెచ్చి ఫ్యాక్టరీల పెట్టు. నౌకరి రేపటి సందే" అని సేటు భార్యాపిల్లలను రిక్షా ఎక్కించి తీసుకెళ్లాడు.

పొద్దుగూకే వేళ మా ఆయన రెండు పెట్టెలు సర్దాడు. ఆయనదొకటి, అత్తదొకటి.

"నా బట్టలు?" అన్నాను.

"క్వార్టర్ల ఒక్కటే అర్ర ఉన్నది. అమ్మ వస్తది. షెడ్డుకు కావలి ఎవరుండాలె?"

"ఎన్ని దినాలు?"

"దినాలేంది? నువ్వు ఈడనే."

"నల్లా కింద బిందెకే జాగ సాలదట" అంది అత్త, పెట్టె మీద కూర్చుని మూత అదుముతూ. "దీన్నేడ పెడ్తం?"

వాళ్లిద్దరికీ అన్నం వడ్డించాను. పులుసు బాగుందని మళ్లీ అడిగి పోయించుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయన గడ్డం గీయించుకోవడానికి చౌరస్తాకు వెళ్లాడు. అత్త వెనక తడిక చాటున స్నానానికి కూర్చుంది. తొమ్మిదేళ్లు జాకీ, పానాలు అందించిన చేతులు నావి. ఎడమ వెనక చక్రం నట్లకు పానా తగిలించి, పానా మీద నిలబడ్డాను. ఆయన పైపు వేసి తిప్పే నట్లు నా బరువుకు ఊరికే కదిలాయి. జాకీ లేపి, చక్రం తీసి, ఇనుప బిళ్ల బయట పెట్టి, చక్రం మళ్లీ ఎక్కించాను. ఆయన చేసినట్టే ఒకటి విడిచి ఒకటి నట్లు బిగించాను. చివరికి ప్రతి నట్టు మీదా పానా వేసి మళ్లీ నిలబడ్డాను. చక్రం ఊడాలని నాకు లేదు. సేటు గేటు ముందు అది అరవాలి, అంతే.

అత్త వచ్చి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన చాయ్ తాగి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెట్టెలు డిక్కీలోకి ఎత్తింది నేనే.

"ఎనక సీట్ల ఎడమ దిక్కు కూసో అత్తా, గాలి మంచిగొస్తది" అన్నాను.

కూర్చుంది. నిమ్మకాయలు చితికాయి. చదును రోడ్డు మీద కారు మెత్తగా వెళ్లింది. నాచారం వైపు తిరిగే చోట గుంత ఉంది. అక్కడ గర్రుమంది. కారు వెనక అద్దం లోంచి అత్త తల అటూ ఇటూ తిరగడం కనిపించింది. సేటు చెప్పిన వేళ దాటుతోంది, ఆయన ఆపలేదు.

చప్పుడు వినిపించినంతసేపు నిలబడ్డాను. తర్వాత బిళ్లను బిందెలో వేసుకుని, లారీలు పోయాక రోడ్డు దాటి, దాన్ని బావిలో పడేసి నీళ్లు తోడుకున్నాను.