పదిమంది కొత్తవాళ్ళు, ఒక మీసం

మా బాబాయ్‌కి ఒక గేటు తియ్యడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. గేటు తుప్పు పట్టి కాదు. ముందు ఎదురు గోడ పక్కన నిలబడి చూస్తాడు. గుమ్మం ముందు చెప్పులెన్ని, మెట్ల కింద గిన్నె ఉందా, గొలుసు ఉంటే దాని చివర ఏమైనా ఉందా. తర్వాత గడియని రెండుసార్లు టకటకలాడిస్తాడు. ఆ తర్వాత స్తంభం పక్కకి జరిగి, రీడింగు మిషను పైకెత్తి పట్టుకుని, వీధి చివరిదాకా వినిపించేలా చెప్తాడు. "కరెంటు మీటరండీ. ఒక్కడినే ఉన్నా. లోపలికొచ్చి కుడివైపు గోడ దగ్గర చూసుకుని వెళ్ళిపోతా."

ఇంత చేశాక కూడా లోపల్నుంచి ఎవరో ఒకరు పలికేదాకా అడుగు వెయ్యడు. పలక్కపోతే మిషన్లో 'తాళం' అని కొట్టి పక్కింటికి పోతాడు. పొద్దున్నే బయల్దేరే ముందు ఏ వీధి తర్వాత ఏ వీధికి వెళ్తాడో పిన్నికి ఒప్పజెప్పి మరీ వెళ్తాడు, దండయాత్రకి వెళ్తున్నట్టు. ఇరవయ్యారేళ్ళుగా ఇదే తంతు. ఈయనతో సినిమాకి వెళ్తే విలన్ చచ్చాక సీట్లో కూర్చుంటాం.

దీనికి తోడు ఆ మీసం. గుబురుగా పై పెదవినంతా కప్పేసి, రెండు కొసలూ పైకి తిరిగి ఉంటుంది. ఇంట్లో మనుషులందరికీ కలిపి ఒక దువ్వెన, మీసానికి మాత్రం విడిగా ఒకటి, చొక్కా జేబులో పెన్ను పక్కన. ఎవరింటి గేటుకైనా ఇత్తడి పేరు పలక కనిపిస్తే చాలు, అందులో మొహం చూసుకుని దువ్వుకుంటాడు. ఆ పలక మీద పేరు ఎవరిదో మాత్రం ఆయనకి తెలీదు.

మేము పై వాటాలో ఉంటాం, బాబాయ్ వాళ్ళు కింద. పాడైపోయిన కంప్యూటర్లు నాలుగు విప్పి రెండు చేశాను. ఒకటి నాది. రెండోది పిన్ని కుట్టు డిజైన్లు చూసుకోడానికి కింద పెట్టాను. అందులో నా ఆట కూడా ఎక్కించి ఉంచాను. ఒక దీవి. వందమంది దిగుతారు. ఒంటి మీద గుడ్డ, చేతిలో ఒక రాయి, అంతే. చెట్లు నరికి గుడిసె వేసుకోవాలి, తిండి వెతుక్కోవాలి, తుపాకీ సంపాదించుకోవాలి. దగ్గరికొచ్చిన వాళ్ళ మాట మైకులో వినిపిస్తుంది. చస్తే ఉన్నదంతా పోయి, మళ్ళీ తీరంలో రాయితో మొదలు. అక్కడ ఎదురుపడ్డవాణ్ణి పలకరించడం అంటే చావుని పేరుపెట్టి పిలవడమే.

ఒక సాయంత్రం నేను కింద కూర్చుని ఆడుతుంటే బాబాయ్ వెనక నిలబడి చూశాడు.

"చూడగానే కాల్చేశావేంటే?" అన్నాడు.

"కాల్చకపోతే వాడు కాలుస్తాడు."

"నీతో ఏమైనా అన్నాడా?"

"అనేదాకా ఆగితే నేనుండను."

"పద్ధతి తెలీని మంద. నేను ముక్కూ మొహం తెలీని వాళ్ళ ఇళ్ళు రోజుకి వంద దూరుతున్నా. నన్నెవడూ కాల్చలేదే."

"వాళ్ళ దగ్గర తుపాకుల్లేవు బాబాయ్."

"కుక్కలున్నాయి," అన్నాడు. "తుపాకీ నయం."

మాట మీద మాట పెరిగింది. నేను నవ్వాను, ఆయన ఉడుక్కున్నాడు. చివరికి పందెం కాశాడు. పదిమంది కొత్తవాళ్ళని పలకరించాలి. ప్రతివాడూ తిరిగి పలకాలి, ఇద్దరూ ప్రాణాలతో విడిపోవాలి. మధ్యలో ఒక్కసారి చచ్చినా ఆయన మీసం తీసేస్తాడు. పది పూర్తయితే నేను ఆయన వెంట ఒక రోజంతా మిషను పట్టుకుని మీటర్లు చూడాలి. తీర్పు చెప్పేది పిన్ని. ఆవిడ అదే గదిలో కుట్టుమిషను ముందు ఉంటుంది, ఎలాగూ కదలదు.

"ఆలోచించుకుని కాయి," అంది పిన్ని ఆయనతో, దారం తెంపుతూ.

"ఆలోచించే కాశా."

పిన్ని మిషను కాసేపు ఆగింది. అదెందుకో నేనప్పుడు పట్టించుకోలేదు.

ఆటలో బాబాయ్ పేరు 'మీటర్'. మొదటి రోజు ఆయన నడక చూస్తే నాకు ఆవలింతలొచ్చాయి. అందరూ పరిగెత్తే చోట ఈయన పెన్షన్ తీసుకున్నవాడిలా నడుస్తాడు. గుడిసె కనిపిస్తే దూరంగా చెట్టు పక్కన ఆగుతాడు. పొగ వస్తోందా, తలుపు తీసుందా, వాకిట్లో శవాలేమైనా ఉన్నాయా. తర్వాత కర్రతో చెట్టుని రెండుసార్లు కొడతాడు. తర్వాత కర్ర పడేసి మైకులో మొదలు.

"అయ్యా, మీటర్ అంటారు నన్ను. ఒక్కడినే. తుపాకీ లేదు, చేతుల్లో ఏం లేదు. ఇక్కడే నిలబడతా, మీరే గుమ్మంలోకి రండి."

నేను మీసానికి మనసులోనే వీడ్కోలు చెప్పేశాను. గుమ్మంలోకి ఒకడు వచ్చాడు. తుపాకీ గురిపెట్టే ఉంది.

"ఏం కావాలి?"

"ఏం వద్దు. ఈ దారిన పోతున్నా, మీకు చెప్పి పోదామని."

అవతలివాడు అయోమయంలో పడ్డాడు. ఆ ఆటలో చెప్పి పోయేవాణ్ణి వాడెప్పుడూ చూసి ఉండడు. "సరే, పో," అన్నాడు.

"ఇప్పుడు వెనక్కి నడుస్తున్నా. మొహం మీవైపే ఉంటుంది, కంగారు పడకండి," అంటూ చెట్ల దాకా వెనక్కి నడిచాడు మా బాబాయ్.

"ఒకటి," అంది పిన్ని.

రెండు, మూడు కూడా ఇలాగే గడిచాయి. నాలుగోవాడు కొండ కింద పెద్ద గుడిసె కట్టుకున్న మాటకారి. వాడే లోపలికి రమ్మన్నాడు. ఇక్కడ బాబాయ్ ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం ఆయన్ని నిలువునా ముంచబోయింది. గుమ్మం దాటగానే, ఇంటాయనతో మాటైనా లేకుండా, తిన్నగా కుడివైపు గోడ దగ్గరికి నడిచి, పెట్టెల వెనకాల వంగి చూడ్డం మొదలుపెట్టాడు.

"ఏయ్, ఏం వెతుకుతున్నావ్?" తుపాకీ గొట్టం తల వెనకాల ఆనింది.

తెర ముందు బాబాయ్ చేతులు నిజంగానే పైకి లేచాయి. మౌస్ కింద పడింది. "అలవాటు బాబూ," అన్నాడు. "మీటరు ఎక్కడుందో చూద్దామని."

"ఏం మీటరు?"

"కరెంటు మీటరు. నా ఉద్యోగం అదే."

 వాడు నవ్వడం మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. "మా ఇంటికొచ్చే ఆయనా ఇంతే," అన్నాడు. "నేను స్నానంలో ఉన్నా వదలడు, పలికేదాకా గడియ కొడుతూనే ఉంటాడు." ఆ రోజు నుంచి వాడు బాబాయ్‌కి చుట్టమైపోయాడు. బాబాయ్ ఏ పూట ఏ దారిన వెళ్తాడో, పిన్నికి చెప్పినట్టే, ముందుగా వాడికీ చెప్పి బయల్దేరేవాడు. ఇలాంటి అమాయకుణ్ణి మీటర్లు చూడ్డానికి ఎవరు పంపారో.

ఆరోవాడు పిన్ని కుట్టుమిషను చప్పుడు మైకులో విని ఎవరో కాలుస్తున్నారనుకుని వాగులో దూకాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి పిన్ని రెండు గజాల గుడ్డ కుట్టడం మానుకోవాల్సి వచ్చింది. అయినా లెక్క ఆగలేదు. తొమ్మిది దాకా వచ్చింది.

నాకు కంగారు పుట్టింది. రోజంతా ఈయన వెనక నత్తలా నడవడం కంటే నాలుగు రోజులు కడుపునొప్పి నయం. అందుకే నా కంప్యూటర్లో కొత్త పేరుతో దిగి, వాగు పక్కన ఆయన నడిచే దారిలో ఒక గుడిసె వేశాను. పొయ్యి వెలిగించాను. తలుపు తీసి ఉంచాను. గుమ్మంలో తిండి బుట్ట పెట్టాను. ఇక ఆయన రావడమే తరువాయి.

ఆ సాయంత్రం పైకెళ్ళే ముందు, ఏడిపిద్దామని, ఒక షేవింగు రేజరు తెచ్చి పిన్ని మిషను మీద పెట్టాను. బాబాయ్ పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

పిన్ని రేజరు వంక చూసి, దాన్ని గుడ్డ ముక్క కింద దాచేసింది. "ఆ మీసం కింద ఏముందో తెలుసా నీకు?"

"పెదవి."

"సగం పెదవి. ఉద్యోగంలో చేరిన మూడో వారం ఎవరింట్లోనో తొందరలో గేటు తట్టకుండా తీశాడు. కుక్క మొహం మీదికే ఎగిరింది. పై పెదవి ఇక్కడ చీలి, కుట్లేసినా కలవలేదు. అద్దంలో తనే చూసుకోలేడు. నాకు ఒక్కసారి చూపించాడు, పెళ్ళికి ముందు. చూసి ఒప్పుకుంటే ఒప్పుకో అన్నాడు."

"మరి అలాంటిది పందెంలో ఎలా పెట్టాడు?"

"పద్ధతి మీద నమ్మకం," అంది పిన్ని. "ఓడితే మాట తప్పడు. అదీ తెలుసు నాకు."

ఇది విన్నాక మంచివాళ్ళయితే మానేస్తారు. నేను పైకెళ్ళి, గుడిసె తలుపు వెనకాల తుపాకీతో నక్కాను.

బాబాయ్ వచ్చాడు. చెట్టు పక్కన నిలబడి చూశాడు. నాలుగు నిమిషాలు. కర్రతో రెండుసార్లు కొట్టాడు.

"లోపలెవరండీ? మీటర్ అంటారు నన్ను. చేతుల్లో ఏం లేదు. మీరు గుమ్మంలోకొస్తే ఒక మాట చెప్పి పోతా."

నేను పలకలేదు. పలికితే గొంతు పట్టేస్తాడు.

"పొయ్యి వెలుగుతోంది," అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "తలుపు తీసుంది. తిండి గుమ్మంలోనే ఉంది. మనిషి మాత్రం పలకడు." కాస్త ఆగాడు. "తాళం."

వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. మొహం నావైపే ఉంది. నా వేలు మీట మీదే ఉంది, దూరం ముప్ఫై అడుగులు, కళ్ళు మూసుకుని కొట్టినా తగులుతుంది. చీలిన పెదవి ఒకటి నేనెప్పుడూ చూడకపోయినా కళ్ళ ముందుకొచ్చి కూర్చుంది. వేలు కదల్లేదు. ఇంకాస్త దగ్గర్నుంచి కొడదామని నాకు నేనే చెప్పుకుని గుడిసె బయటికొచ్చాను.

కొండ మీద నుంచి ఒకే ఒక్క గుండు పేలింది. నేను పోయాను. బాబాయ్ దారి తెలిసిన ఆ మాటకారి అక్కడ కాపలా కూర్చున్నాడు. నేను కుర్చీ తన్నేశాను, అది వెళ్ళి గోడకి కొట్టుకుంది.

మళ్ళీ తీరంలో తేలాను. ఒంటి మీద గుడ్డ, చేతిలో రాయి. ఆకలి గుర్తు అప్పుడే ఎర్రగా వెలుగుతోంది. అటూ ఇటూ తిరుగుతుంటే చెట్టు మీద చప్పుడు వినిపించింది. టక్, టక్.

"ఎవరండీ అక్కడ?" అన్నాడు బాబాయ్. "ఇందాక మా ఇంట్లో పైన కుర్చీ పడింది. ఎవరో పోయినట్టున్నారు, పలకరిద్దామని వచ్చా. సంచీ కింద పెడుతున్నా. రొట్టె ఉంది, కట్టు గుడ్డ ఉంది. పలికితే దగ్గరికొస్తా."

సంచీ కింద పెట్టాడు. అక్కడే నిలబడ్డాడు. అవతల మనిషి ఎవరో తెలిసి కూడా, ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. నా చేతిలో రాయి ఉంది. పలికి దగ్గరికి రానిచ్చి, మూడు దెబ్బలు కొడితే చాలు. నోరు మూసుకుని ఊరుకున్నా చాలు, 'తాళం' అని పోతాడు, ఇవాళ్టికి లెక్క తొమ్మిదిలోనే ఆగుతుంది.

రాయి ఇసకలో పడేశాను. "ఇంట్లో ఎవరూ లేరు," అన్నాను.

కింద కుట్టుమిషను ఆగిపోయింది. అది మైకులోనూ వినిపించింది, నేలలోంచీ వినిపించింది.

"లేనివాళ్ళకి గొంతు బాగానే ఉందే," అన్నాడు బాబాయ్. వచ్చి రొట్టె ఇచ్చాడు, చెప్పి మరీ వెనక్కి నడిచాడు.

"పది," అంది పిన్ని. కొత్త పేరుతో దిగాను కాబట్టి నేనూ కొత్తదాన్నేనట.

మాట ప్రకారం సోమవారం పొద్దున్నే మిషను మెడలో వేలాడదీసుకుని ఆయన వెంట బయల్దేరాను. పదకొండిళ్ళకి గంట పట్టింది. ఇత్తడి పలక కనిపించిన ప్రతిచోటా దువ్వెన బయటికొచ్చింది. ఇంత నత్తనడక మనిషిని ఉద్యోగంలోంచి తియ్యకుండా ఇన్నేళ్ళు ఉంచుకున్న ఆఫీసుకి దండం పెట్టాలి.

పన్నెండో ఇంటి దగ్గర, "నువ్వు చూడు," అని గోడ పక్కన నిలబడ్డాడు.

గుమ్మం ముందు రెండు జతల చెప్పులు. మెట్ల కింద గిన్నె. గొలుసు ఉంది, దాని చివర ఏముందో పూలకుండీ అడ్డమొచ్చి కనిపించలేదు. గడియని రెండుసార్లు టకటకలాడించాను. స్తంభం పక్కకి జరిగాను. నేను కావాలని జరగలేదు, కాళ్ళే జరిగాయి.