వడ్రంగి బల్లకు రెండో రంధ్రం

మా కింద వాటాలో కంప్యూటర్లు బిగించే ఆవిడను వీధంతా స్క్రూల పిల్ల అంటుంది. నలభై దాటినా ఆ పిలుపు మారలేదు. ఎవరొచ్చినా ముందు ధర చెప్పదు. కుర్చీ చూపించి, "రోజూ చేసే పని నా ముందు ఒకసారి చేయండి" అంటుంది.

నేనూ కూర్చున్నాను. ఒక ఉత్తరం టైపు చేసి, మనవరాలి ఫొటోలు తిప్పి, సినిమా పెట్టాను. వీడియో కార్డు కూడా వేయమన్నాను.

"మీకెందుకు పిన్నీ? బొమ్మ చూపించే పని లోపలున్న చిప్పే చేసుకుంటుంది."

"ఎదురింట్లో వేశావుగా?"

"వాళ్లాయన ఆటలాడతాడు. మీరూ ఆడతానంటే చెప్పండి, ఇప్పుడే బిగిస్తా."

కార్డు వద్దన్నాను.

తరువాత వంటగది అల్మారాలు చేసే వడ్రంగి తన కంప్యూటర్ మోసుకొచ్చాడు. తెరమీద గీసిన వంటగదిని అటూ ఇటూ తిప్పబోతే అది కుంటుతూ కదిలింది.

"దీనికి మాత్రం కార్డు ఉండాల్సిందే. లోపలి చిప్పు అసలు మెమరీలోంచే వాటా తీసుకుంటుంది. కార్డుకైతే తన మెమరీ తనకుంటుంది" అని తేల్చేసిందామె.

"అంతా అమ్ముకోడానికే బావా" అన్నాడు పక్కనున్న అతని బావమరిది.

"తేడా లేకపోతే కార్డు వెనక్కి తీసుకుంటా. కొట్టు బోర్డు కూడా దించేస్తా."

కార్డు బిగించాక వంటగది గిర్రున తిరిగింది. మూడు రోజులకు వడ్రంగి ఫోన్ చేశాడు. ఇంట్లో మళ్లీ అదే కుంటుడట. కొత్తిల్లు కట్టుకున్న టీచరమ్మ నాలుగింటికి బొమ్మ చూసి పని ఇవ్వాలో మానాలో చెబుతుందట.

స్క్రూల పిల్ల బయలుదేరింది. నేనూ చెప్పులేసుకున్నాను.

"బోర్డు దించడానికి నిచ్చెన కావాలా?" గుమ్మంలోనే అడిగాడు బావమరిది.

ఆమె నేరుగా కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. పెట్టె మూత కూడా తీయలేదు. మోకాళ్లమీద కూర్చుని వెనకవైపు చూసింది.

"ఈ బల్ల ఎవరు చేశారన్నా?"

"నేనే. మొన్ననే. కేబుళ్లు కనపడకుండా ఆ మూల రంధ్రం పెట్టా."

"బాగుంది. అక్కణ్ణుంచి మానిటర్ కేబుల్ కింది పోర్టుకు అందిందా?"

"జానెడు తక్కువైంది. రెండూ ఒకేలా ఉన్నాయిగా, పైదానికి పెట్టేశా."

"పైది లోపలి చిప్పుది. కిందది కార్డుది. మూడు రోజులుగా మీ కార్డు ఊరికే కూర్చుంది."

బావమరిది కిటికీలోంచి వీధి చూడసాగాడు.

అప్పటికి మూడున్నర. కొట్లో పొడుగు కేబుల్ ఉంది, తెస్తానంది. వడ్రంగికి పౌరుషం వచ్చింది.

"తప్పు నా బల్లది. నేనే దిద్దుకుంటా" అని డ్రిల్లు తీసి, పెట్టెకు సరిగ్గా పైన ఇంకో రంధ్రం వేసి, కేబుల్ అందులోంచి దింపి కింది పోర్టుకు పెట్టాడు. చెక్క పొట్టు నా చీరమీద పడింది. పోనిమ్మన్నాను.

నాలుగింటికి టీచరమ్మ వచ్చి మౌస్ తనే పట్టుకుంది. వంటగది ఎక్కడా తడబడకుండా తిరిగింది. సింకు కిటికీ కిందికి జరపమంది. జరిగింది.

"సోమవారం మొదలుపెట్టండి" అంది.

మెట్లు దిగుతుంటే బావమరిది వెనకాలే వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, నా కంప్యూటర్‌కు ఏది సరిపోతుందంటావు?"

"రేపు కొట్టుకు రండి. రోజూ చేసే పని నా ముందు చేయండి."

అతను రోజంతా ఏం చేస్తాడో ఈ వీధిలో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. రేపు నా కుర్చీ నేనే తీసుకెళ్తాను.