కిర్రుమనని తలుపులు

ఆ పేటలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ప్రశ్నలావిడే. ఏడాదికొకసారి, చెప్పిన రోజున చెప్పిన గంటకు, భుజాన బరువైన సంచీతో ముసలివాళ్ళున్న ఇళ్ళ తలుపు తట్టేది. ఆ సంచీలో ఒక స్టాప్‌వాచీ, నేల మీద నాలుగు మీటర్లు కొలిచే టేపు, పిడికిలి బలం చూసే పరికరం, ఊపిరి ఊదించే గొట్టం, అరవై ప్రశ్నల పత్రం ఉండేవి. మనిషి స్వభావానికీ ముసలితనంలో అతని ఆరోగ్యానికీ సంబంధమేమిటో తేల్చాలని ఒక పరిశోధన కేంద్రం వాళ్ళు నడుం కట్టారు. ఏటా అవే ఇళ్ళు, అవే మనుషులు, అవే ప్రశ్నలు. చాదస్తుడు ఎక్కువ కాలం తిరుగుతాడా, నవ్వుతూ బతికేవాడా, అయినదానికీ కానిదానికీ బెంగపడేవాడు ముందే మంచం పడతాడా అన్నది వాళ్ళకు కావాలి. తేలిందా అని ఎవరడిగినా, కేంద్రాన్ని నడిపే డాక్టరు గారు పద్దెనిమిదేళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నారు. "ఇంకొంచెం చూడాలి."

అంతకు ముందు ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఊరి మాటలన్నీ చెవిన పడేవి, ఒక్కటీ బయటికి అనకూడదు. యంత్రాలొచ్చి ఆ ఉద్యోగం పోయాక ఈ ఉద్యోగం దొరికింది. ఇందులోనూ అదే తంతు. నిజానికి ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో పొద్దున జరిగిన గొడవ మధ్యాహ్నానికి వీధి చివరిదాకా చేరేదంటే అందులో ఆవిడ చెయ్యి ఉన్నట్టే. కానీ ఉద్యోగంలో విన్న మాట మాత్రం చచ్చినా పెదవి దాటేది కాదు. అంత వాగుడుకాయ అంత గుట్టు ఎలా కాపాడేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ పనిలో రూళ్ళు చాలా ఉన్నాయి. ప్రశ్నను రాసి ఉన్నది ఉన్నట్టే చదవాలి. నవ్వకూడదు, తల ఊపకూడదు, ఎదుటివాళ్ళు ఎంత గోడు వెళ్ళబోసుకున్నా "అయ్యో" అనకూడదు. జవాబులు అయిదే: అస్సలు కాదు, కొంచెం, అప్పుడప్పుడు, చాలావరకు, పూర్తిగా. ఈ అయిదూ ఇంట్లో కూడా చలామణీ అయ్యాయి. ఆవిడ భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి, మాటల పొదుపరి. వంట ఎలా ఉందని అడిగితే "చాలావరకు" అనేవాడు. "పూర్తిగా" ఎప్పుడంటారని ఆవిడ నిలదీస్తే, "నువ్వు తినేటప్పుడైనా మాట్లాడకుండా ఉన్న రోజు" అనేవాడు. ఆ రోజు రాలేదు.

ఆవిడ తిరిగే ఇళ్ళలో తాళాల మేస్త్రి ఇల్లొకటి. ముందు గదిలో తాళంచెవులు కోసే యంత్రం, గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు, వెనక నడిమి గది, దాని వెనక వంటిల్లు. మేస్త్రికి ముక్కు మీద కోపం. తాళం పోగొట్టుకుని వచ్చినవాడికి ముందు చీవాట్లు, తరవాత తాళంచెవి. కేంద్రం వాళ్ళ జాబితాలో ఇద్దరి పేర్లూ చేర్పించింది ఆయన భార్యే. "నాకేం తెగులు? నన్నెందుకు కొలవడం?" అని ఆయన తొలి ఏడే ఎగిరిపడ్డాడు. అన్నాడే గానీ, ప్రశ్నలావిడ వచ్చే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే కూర్చునేవాడు. పిడికిలి పరికరం చేతికిస్తే పళ్ళు బిగించి నొక్కి, "రాసుకో అమ్మాయ్, ఈ వీధిలో ఇంత నొక్కినవాడు ఇంకొకడున్నాడా?" అని అడిగేవాడు. ఉన్నాడో లేడో చెప్పకూడదు. ఆవిడ చెప్పేది కాదు. లేడు.

"నాకు త్వరగా కోపం వస్తుంది" అన్న వాక్యం చదివిన ప్రతిసారీ మాత్రం ఆయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. "అదెవరు పెట్టారు ఆ ప్రశ్న? మా ఆవిడ చెప్పిందా?" అని గయ్యిమనేవాడు. తరవాత, "అస్సలు కాదు. రాసుకో" అనేవాడు. ఆవిడ రాసుకునేది.

ఇది చాలక రెండో పత్రం ఒకటి ఉంది. మనిషి తన గురించి తాను చెప్పుకునేది ఎలాగూ నమ్మలేం కాబట్టి, అతన్ని బాగా ఎరిగినవాళ్ళెవరైనా అవే ప్రశ్నలకు అతని గురించి వేరే గదిలో కూర్చుని రాసి, కవరులో పెట్టి అంటించి ఇవ్వాలి. అందులో ఏముందో అతనికి ఎప్పటికీ చెప్పరు. మేస్త్రి గురించి ఆయన భార్య పదహారేళ్ళు రాసింది. కవరు అంటించి బయటికొస్తూ మొగుడి వంక చూసి నవ్వేది. ఆ నవ్వుకు ఆయన వారం రోజులు కుతకుతలాడేవాడు.

ఒక్క ఏడాది మాత్రం మేస్త్రి భార్య కంటికి శుక్లాల ఆపరేషనై కట్టు ఉంది. ప్రశ్నలావిడే చదివి గుర్తులు పెట్టింది. త్వరగా కోపం వస్తుందన్న చోట ఆ పెద్దావిడ "పూర్తిగా" అంది. అని ఊరుకోలేదు.

"వచ్చిందంటే నోరు మూసుకుని నూనె డబ్బా తీస్తాడమ్మా. ఏదో ఒక తలుపు బాగుచేస్తాడు, సొరుగు బాగుచేస్తాడు. అదే ఆయన క్షమాపణ. ఈ ఇంట్లో కిర్రుమనే తలుపు ఒక్కటి చూపించు. అన్నిసార్లు కోపగించుకున్నాడు మరి! ఇది కూడా రాయి."

"దీనికి చోటు లేదు పిన్నీ" అంది ప్రశ్నలావిడ, నవ్వకుండా ఉండటానికి లోపెదవి కొరుక్కుంటూ.

"అలాగా? అయితే నీ దగ్గరే ఉంచుకో."

ఆ పిన్ని పోయి రెండేళ్ళు కావస్తోంది. పోయిన ఏడు రెండో పత్రం ఖాళీగా వెళ్ళింది. వరసగా రెండేళ్ళు ఖాళీగా వెళితే ఆ మనిషి ఫైలు మూసేస్తారు. ఆ తరవాత ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టరు.

ఈ ఏడు ప్రశ్నలావిడ వెళ్ళేసరికి యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. చొక్కాకు ఇస్త్రీ లేదు. ఒకప్పుడు ముప్ఫై ఎనిమిది చూపించిన పిడికిలి ఇరవై ఒకటి దగ్గర ఆగింది. ఆయన ఆ అంకె చూడలేదు, ఎవరికన్నా ఎక్కువా అని అడగలేదు. నడిమి గది తలుపు తోసి మంచినీళ్ళకు వెళుతుంటే అది కిర్రుమంది. ఆ చప్పుడుకు ప్రశ్నలావిడ తలెత్తి చూసింది. ఆ ఇంట్లో ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి మనిషే లేదు.

"రెండో పత్రానికి ఎవరినైనా చెప్పండి బాబాయ్ గారూ. పక్కింటాయన?"

"వాడా? వాడికి నా తాళాల గురించే తెలీదు, నా గురించేం తెలుసు? నన్నెరిగింది ఒక్కతే. అది పోయింది. ఫైలు మూసేసుకోండి." అని గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను. అది ఆ కవర్లలో ఏం రాసేది?"

"నేను చెప్పకూడదు బాబాయ్ గారూ."

"పదహారేళ్ళు. ఒక్కనాడూ దానికి సారీ అని చెప్పిన పాపాన పోలేదు నేను. పదహారు కవర్ల నిండా నా మీద ఫిర్యాదులే రాసిపెట్టి పోయుంటుంది. రాత్రింబవళ్ళు అదే ఆలోచన. ఒక్కటి చెప్పు. తిట్టిందనే చెప్పు, పోనీ."

చెప్పేస్తే ఒక్క నిమిషం పని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కాపలా ఉండాల్సిన మనిషే నోరు జారితే కంచే చేను మేసినట్టు. ఆవిడ సంచీ సర్దుకుని లేచింది. వీధి మలుపు తిరిగాక, పద్దెనిమిదేళ్ళుగా దాచుకున్న "అయ్యో"లన్నీ ఒక్కసారి వచ్చినట్టు, కరెంటు స్తంభం పక్కన నిలబడి ఏడ్చింది.

మర్నాడు డాక్టరు గారి గదికి వెళ్ళింది. ఆ నెలాఖరుతో ఆవిడ ఉద్యోగ విరమణ.

"మేడమ్, రెండో పత్రం ఎవరు రాయొచ్చో రూలు ఒకసారి చదవండి."

డాక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "అయిదేళ్ళకు తక్కువ కాకుండా ఎరిగి ఉండాలి. కేంద్రం ఉద్యోగి కాకూడదు. ఎందుకమ్మా?"

"ఒకటో తారీఖు నుంచి నేను ఉద్యోగిని కాను. పత్రాలకు పదో తారీఖుదాకా గడువుంది."

డాక్టరు గారు ఆ పుస్తకాన్ని ముందుకీ వెనక్కీ తిప్పారు. అడ్డొచ్చే రూలు దొరకలేదు. వెతకడంలో ఆమె పెద్దగా కష్టపడలేదని నా అనుమానం. "ఏడాదికి రెండు గంటలు చూసి ఒక మనిషిని ఎరుగుదునని చెప్పగలరా?" అని మాత్రం అడిగారు.

"మా ఆయన నన్ను రోజూ చూస్తారు మేడమ్, ఏడాదికి రెండు గంటలు మాట్లాడతారు. మీరు చెప్పండి."

రెండో తారీఖు ఉదయం ఆవిడ సంచీ లేకుండా మేస్త్రి ఇంటికి వెళ్ళింది. భుజం తేలికై నడక కుదరలేదు. సంచీ ఇప్పుడు కొత్తావిడ భుజాన ఉంది. ఆమె ఆసుపత్రిలో పన్నెండేళ్ళు నర్సుగా చేసి వచ్చిన మనిషి, రూలంటే రూలే. మేస్త్రిని నడిమి గదిలోకి పంపి తలుపు వేయించింది. తలుపు కిర్రుమంటూ పడింది. పత్రం ముందు పెట్టగానే ప్రశ్నలావిడ జాకెట్టు తడుముకుంది, చేతిసంచి తడుముకుంది. కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కనాడూ మరిచిపోని మనిషి ఆ రోజే మరిచిపోయిందో, కావాలనే పెట్టి వచ్చిందో మనకెందుకు?

"మీరే చదవండమ్మా, నేను చెబుతాను."

కొత్తావిడ ముందు పై వరస చదివింది. "మీకూ ఆయనకూ సంబంధం? భార్య, సంతానం, తోబుట్టువు, స్నేహితులు, ఇరుగుపొరుగు, ఇతరులు."

ఈ వరసను వందల ఇళ్ళలో చదివింది తాను. ఎంత కష్టమైన ప్రశ్నో అప్పుడు తెలిసింది. ఈయన తనకేమవుతాడు? "ఇతరులు" అంది చివరికి. అన్నందుకు మనసు చివుక్కుమంది.

వస్తువులు ఎక్కడివక్కడ పెడతాడా? పూర్తిగా. కొత్తవాళ్ళతో కలివిడిగా ఉంటాడా? అస్సలు కాదు. ఇరవై రెండో వాక్యం దగ్గర ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"ఈ వ్యక్తికి త్వరగా కోపం వస్తుంది."

"పూర్తిగా" అంది ప్రశ్నలావిడ. తరవాత ఎక్స్ఛేంజి రోజుల్లో దూరం ఊళ్ళకు అరిచిన గొంతుతో, నడిమి గదికి వినపడేలా అంది. "వచ్చిందంటే నోరు మూసుకుని నూనె డబ్బా తీస్తాడమ్మా. ఏదో ఒక తలుపు బాగుచేస్తాడు. అదే ఆయన క్షమాపణ. ఈ ఇంట్లో కిర్రుమనే తలుపు ఉండేది కాదు. అన్నిసార్లు కోపగించుకున్నాడు మరి!"

కొత్తావిడ పెన్ను ఆపింది. "దీనికి చోటు లేదండీ. ఇంతకీ ఇది మీ అభిప్రాయమేనా?"

ప్రశ్నలావిడ ఒక్క క్షణం ఆలోచించింది. మాటలు పిన్నివి. కానీ ఈ ఇంటి తలుపులు తాను కూడా పదహారేళ్ళు తోసింది. ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు.

"నా అభిప్రాయమే. పూర్తిగా."

కిర్రుమని నడిమి తలుపు తెరుచుకుంది. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అమ్మాయ్, ఆ మాట..."

"బాబాయ్ గారూ, మీరిక్కడ ఉండకూడదు. రూలు." ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. కొత్తావిడ అవి చూసింది, అయ్యో అనలేదు, పత్రంలోకి తల దించుకుంది. పనిమంతురాలే.

ఆయన వెనక్కి తిరిగాడు. లోపల సొరుగు లాగిన చప్పుడు, డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించాయి. నడిమి తలుపు అటు కిర్రుమంది, ఇటు కిర్రుమంది. కాసేపాగి మళ్ళీ ఊగింది, ఈసారి సగమే అరిచింది. ఆ తరవాత తలుపు బార్లా తెరుచుకుని మళ్ళీ మూసుకోవడం ఇద్దరూ చూశారు గానీ, చప్పుడు మాత్రం వినపడలేదు.