అమ్మ చేతులు, అమ్మ వెన్ను

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టి మమ్మల్ని పెంచింది. జీడి నూనె తగిలితే కొత్తవాళ్ల చేతులు బొబ్బలెక్కుతాయి. పని మానేస్తే మళ్లీ మొదటికొస్తుందని, బూడిద రాసుకుని కొడుతూనే ఉండమని పాతవాళ్లు చెబుతారు. కొన్నాళ్లకు చెయ్యి మొద్దుబారుతుంది. పొయ్యి మీది టీ గిన్నెను అమ్మ మసిగుడ్డ లేకుండా దించేది. అదంటే ఆమెకు గర్వం.

ఆ గర్వమే చివరికి ఆమెను ముంచింది. ఆమెకు క్యాన్సర్ వచ్చి, అది వెన్నుపూసలోకి పాకాక టెక్కలి డాక్టరమ్మ మార్ఫిన్ మాత్రలు రాసింది. మొదట్లో దేవుడిచ్చినట్టు పనిచేశాయి. అమ్మ లేచి కూర్చుని అన్నం తినేది, నా వంటకు వంకలు పెట్టేది. తర్వాత అదే మాత్ర చాలడం మానేసింది. డాక్టరమ్మ మోతాదు పెంచింది. కొన్నాళ్లకు అదీ చాలలేదు.

అక్కను చూడ్డానికి కవిటి నుంచి మా పిన్ని వచ్చింది. ఇంట్లో డయాలసిస్ మనిషిని పెట్టుకున్న ఆవిడకు, నొప్పి మాత్రలు కిడ్నీలను తినేస్తాయని, మాత్రలంటేనే హడల్. మంచం పక్కనే నిలబడి, "మందుకి మరిగిపోనాది మా యప్ప. ఓర్సుకోవాల గానీ! ఓర్సినమ్మకి తేటనీరు అన్నారు," అంది. అమ్మ వింది. అసలే రోషం గల మనిషి.

అప్పటినుంచి నేనిచ్చిన మాత్రను బుగ్గలో దాచి, నేనటు తిరగ్గానే ఉమ్మేసేది. నాకు తెలియదు. చెమటలు, వణుకు. దుప్పటి తగిలినా అరిచేది. రోగం ముదిరిందనుకున్నాం. ఒకరోజు పక్క దులుపుతుంటే సగం కరిగిన మాత్రలు రాలాయి.

"ఏటిది? ఏటి సేత్తన్నావే అమ్మా?" అని అరిచాను.

"అరవకే. జీడికి నా సెయ్యి నేర్సుకోలేదేటి? మానకుండా ఓర్సుకుంటే ఎన్ను కూడా నేర్సుకుంటాది," అంది పళ్లు బిగించి.

కోపంతో నాకు ఏడుపొచ్చింది. అమ్మను తిట్టాలో పిన్నిని తిట్టాలో తెలియక డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, అమ్మకు వినబడేలా స్పీకర్ పెట్టాను.

"అమ్మా, నొప్పి కబురు వెన్నుపాములోంచే మెదడుకు పోతుంది. మాత్ర ఆ దారికి తలుపేస్తుంది," అంది ఆవిడ. "రోజూ వేసుకుంటుంటే, మందును పట్టుకునే చోట్లను అక్కడి నరాలు తగ్గించేసుకుంటాయి. నొప్పిని పెంచే నరాలేమో చురుకవుతాయి. అందుకే పాత మోతాదు చాలదు. అది మీ వెన్నులో జరిగే పని, మీ తప్పు కాదు. వెన్ను అలవాటు పడేది మందుకే గానీ నొప్పికి కాదమ్మా. నొప్పిని ఓర్చేకొద్దీ అది ఇంకా సున్నితమైపోతుంది. మందు మార్చి చూద్దాం."

అమ్మ తన చేతుల వంక చూసుకుంది.

కొత్త మందు ఒంటికి అంటించే పట్టీ. మా దగ్గర దొరకలేదు. విశాఖ నుంచి తెప్పించేసరికి అమ్మ సగమైపోయింది. అంటించిన మర్నాడు సాయంత్రం వెల్లకిలా పడుకుంది. ఎన్నాళ్లయిందో ఆమెను అలా చూసి. టీ ఇస్తే, నేను పట్టుకోలేని వేడి గ్లాసును అరచేతుల్లో పెట్టుకుని తాగింది.

"ఎన్నెక్కడుందో తెలీట్లేదే," అంది. గ్లాసు కింద పెట్టి, "మరి ఇన్నాళ్లూ నానెందుకు ఓర్సుకున్నానే?" అని అడిగింది.

వారం తిరక్కుండానే అమ్మ పోయింది.

పాడె దగ్గర పిన్ని, "ఎంత ఓర్పుగల మనిసివే అప్పా!" అని రాగం తీసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ మాటనకు పిన్నీ," అన్నాను. "ఎందుకు ఓర్సుకున్నానని నన్నడిగి పోనాది. నువ్వు సెప్పు."

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది.