మూడు రోకళ్ళ పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ కన్నుమూసిందని మొన్న గురువారం నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. ఏడ్చాను. ఏడ్చాక, నిజం చెప్పొద్దూ, గుండెల మీద బరువు దిగినట్టనిపించింది. ఆవిడకు చెప్పాల్సిన మాట వారం ముందే చెప్పేశాను మరి.

పెద్దమ్మ కారం దంచేది. మిల్లు కారం ఆవిడ లెక్కలో ఇటుకపొడి. ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్ళు మూడు రోకళ్ళు వేస్తుంటే మా ఇంట్లో అందరికీ తుమ్ములే. నా చదువేమో వేరే దంపుడు. గుండెకు లయ పుట్టించే కణాలు వేలకు వేలు ఉంటాయి. అవన్నీ ఎలా కలిసి కొట్టుకుంటాయో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపడమే నా పీహెచ్‌డీ. కష్టంగా ఉందని గొణిగితే, "రోట్లో తల పెట్టి రోకటిపోటుకు భయపడితే ఎట్టాగే?" అనేది.

నాలుగేళ్ళయినా నా కణాలు కలవలేదు. అన్నీ ఒకే క్షణంలో కొట్టుకోవాలని నా పట్టు. ఈసారి తేలకపోతే ఆ పని వదిలేసి వేరే అంశం తీసుకోమన్నారు గైడ్ గారు. సెలవులకు ఇంటికొచ్చి, అరుగు మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, పెద్దమ్మ కారపు చేతులు వెనక్కి పెట్టుకుని తెర మీదికి వంగింది.

"ఈ గీతలేందే?"

"ఒక్కో గీత ఒక్కో కణం పెద్దమ్మా. గీత లేస్తే అది కొట్టుకున్నట్టు. అన్నీ ఒక్కసారే లేవాలి, లేవట్లేదు."

"ఒకదాని ఎనకాల ఒకటి లేస్తన్నయ్యి గదా, వరస తప్పకండా! మూడు రోకళ్ళూ ఒక్కసారే పడితే ఇంకేముంది, ఒకదాన్నొకటి గుద్దుకుంటయ్యి. పక్క మనిషిని చూసి కాస్త ఆగాల, కాస్త తొందరపడాల. బాగానే దంచుతన్నయ్యి పో!"

లెక్క మళ్ళీ చూశాను. నిజమే. అన్నీ ఒకే వేగానికి వచ్చేసి, కొద్దికొద్ది తేడాతో వరసగా కొట్టుకుంటున్నాయి. గుండెలో జరిగేదీ అదే. తప్పని నేను కొట్టిపారేసిందంతా ఒప్పే.

"ఎలా తట్టిందమ్మా?" అని గైడ్ గారు అడిగితే, "అలా తట్టింది సార్" అన్నాను. సిగ్గులేని మాట. ఏడాదిపాటు అది నన్ను తినేసింది. పెద్దమ్మ మంచాన పడిందని తెలిశాక ఇక ఉండలేక ఆయనకు నిజం చెప్పాను. ఆ ఆలోచన ఆవిడదేనని థీసిస్ మొదటి పేజీలో రాసి, పుస్తకం పట్టుకుని ఊరికి పరిగెత్తాను.

ఆ పేజీ చదివి వినిపించి, "నీ మాటను నా మాటని చెప్పుకున్నా పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఇందుకా ఇట్టా చిక్కిపోయావు?" అని కోడలికి కేకేసింది. "ఏమే, ఈ పిల్లకి అన్నం పెట్టు. చానా పెట్టు."

మంచం పక్కనే కూర్చుని తిన్నాను. మారు వడ్డించుకుని మరీ తిన్నాను. నేను తింటుంటే చూస్తూ చూస్తూ పెద్దమ్మ నిద్రపోయింది.