గొర్రె వేషం ఇచ్చినావిడ

2009లో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇల్లు కొన్నాక, మా ఆయనకు వీలునామా రాయాలన్న పట్టుదల పుట్టింది. తన ఆత్మను ప్రభువు చేతికి అప్పగిస్తున్నట్టు ఒకటిన్నర పేజీ రాసుకొచ్చారు. లాయరు ఓపిగ్గా చదివి, "బాగుంది. మరి పాపను ఎవరికి అప్పగిస్తారు?" అని అడిగాడు. మా పాపకు అప్పుడు ఆరేళ్లు. ఆత్మ సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది గానీ, పాప సంగతి మూడు నెలలైనా తేలలేదు.

నా షరతు ఒక్కటే: మేం లేకపోయినా పాప ప్రార్థన మరిచిపోకూడదు. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్న మా మరిది క్రిస్మస్‌కి తప్ప చర్చి ముఖం చూడడు. మిగిలినవాళ్లలో నేను వంక పెట్టని ఇల్లు లేదు. చివరికి మా తెలుగు చర్చి పాస్టరుగారి భార్యను పక్కకు పిలిచాను.

"అమ్మగారూ, మాకేమైనా అయితే పాపని మీరు చూసుకుంటారా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ప్రే చేసి చెబుతానమ్మా" అన్నారు. ఎందుకని మాత్రం అడగలేదు. వీలునామా మాట నేనూ ఎత్తలేదు. అదే నేను చేసిన పొరపాటు.

ఆదివారం ప్రార్థన విన్నపాల్లో ఆవిడ లేచి, "ఒక సహోదరి, పేరు చెప్పను. ఆరేళ్ల పాప. భర్త లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్. చాలా సీరియస్‌గా ఉంది" అన్నారు. పాపం ఎవరో అనుకుని నేను కూడా గట్టిగా ఆమెన్ అన్నాను.

మర్నాటి నుంచి మా ఇంటికి చికెన్ పలావు ట్రేలు రావడం మొదలైంది. నాకేం జబ్బు లేదని చెప్పినకొద్దీ, "నీ విశ్వాసం గొప్పదమ్మా" అనేవాళ్లు.

శనివారం పొద్దున సండే స్కూల్ నడిపే అక్క వచ్చింది. కిందటి క్రిస్మస్ నాటకంలో తన కూతురికి మరియ వేషం, మా పాపకు గొర్రె వేషం ఇచ్చిన మనిషి. అప్పటినుంచి ఆవిడతో నేను "వందనాలు" తప్ప రెండో మాట మాట్లాడలేదు. చేతిలో ట్రే లేదు. గుమ్మంలోనే ఏడ్చేసింది.

"గొర్రె వేషం ఇచ్చినందుకు నన్ను క్షమించు. పాప గురించి దిగులు పెట్టుకోకు. అమ్మగారు నాకంతా చెప్పారు. ఆవిడకి ఇప్పటికే ముగ్గురు పిల్లలు. నాకిచ్చెయ్. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని ప్రేయర్ చేయిస్తా. వాళ్లమ్మ ఎలాంటిదో చెబుతా. నీ కోపం సంగతి కూడా దాచను."

చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టాను. "అక్కా, నిజంగా నాకేం లేదు. విల్ రాస్తున్నాం, అంతే."

ఏడుపు టక్కున ఆగింది. "ఏం లేదా? నీకోసం రెండ్రోజుల్నించి ఉపవాసం ఉన్నాను!"

ఫ్రిజ్‌లోంచి పలావు తీసి వేడి చేసి పెట్టాను. నావైపు చూడకుండా, కోపంగానే తింది. నాతో మాటల్లేని మనిషి నాకోసం అన్నం మానేసిందంటే సిగ్గేసింది. ఇక ఎవర్నీ వెతకనక్కర్లేదనిపించింది. సోమవారం లాయరుకు ఫోన్ చేసి ఆవిడ పేరు రాయించాం.

ఆ డిసెంబరు నాటకంలో మా పాపకు మళ్లీ గొర్రె వేషమే ఇచ్చింది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. వీలునామా మాత్రం మార్చలేదు.