మధ్యాహ్నం మావయ్య ఆపిన కంప్యూటరు

మా పెద్ద మావయ్య తాడేపల్లిగూడెం రైసుమిల్లులో రోజూ కంప్యూటరు స్విచ్చు పీకేసి కొత్త మిషన్ను పాడు చేశారని మా వాళ్ళంతా చెప్పుకుని నవ్వుకునే కథ శుద్ధ అబద్ధం. మొన్న ఏలూరులో మా పిన్ని మనవరాలి పెళ్ళిలో, బంతి సగం నిండాక వచ్చిన మగపెళ్ళివారు పదిమంది ఒకేచోట కూర్చుంటామని పట్టుబట్టి, ఇరవై కుర్చీలు ఖాళీగా ఉన్నా వరసగా పది దొరక్క నిలబడి ఉంటే, నా పక్కన మా పిన్ని కొడుకు మళ్ళీ ఆ కథే ఎత్తుకున్నాడు. ఆనాడు మిషన్ ఆగింది సరిగ్గా ఆ కుర్చీల ఇబ్బంది లాంటిదాని వల్లే, దాన్ని తెచ్చిపెట్టింది నేనే. ఇంటికొచ్చి వారమైనా ఒక పని మొదలుపెట్టి ఇంకోదాంట్లోకి పోతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏలూరులో ఒక చిన్న వర్క్‌షాపులో నా మొదటి ఉద్యోగం. బియ్యంలో నల్లగింజల్ని కెమెరాతో కనిపెట్టి గాలి ఊది పక్కకు నెట్టే మిషన్ మేము తయారు చేశాం. ఆ కెమెరా పంపే బొమ్మల్ని కంప్యూటరు అందుకునేందుకు డ్రైవరు ప్రోగ్రాము సి భాషలో రాసింది నేను. బొమ్మ దించుకోవడానికి మెమరీలో మధ్యలో తెగకుండా ఒకే వరసలో పెద్ద చోటు కావాలి. కంప్యూటరు లేవగానే ఆ చోటు పట్టేసుకుని ఆపేదాకా వదలకపోవడం ఒక పద్ధతి, మిషన్ తొట్టిలో బియ్యం నిండినప్పుడల్లా అడిగి తీసుకుని పని కాగానే తిరిగి ఇచ్చెయ్యడం ఇంకో పద్ధతి. ఆ రోజుల కంప్యూటర్లతో వేగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మెమరీ పిసరంత. వాడనప్పుడు కూడా పట్టుకు కూర్చోవడం, రైల్లో తువ్వాలు పరిచి ఊరంతా తిరిగొచ్చేవాళ్ళ బుద్ధిలా తోచి, అడిగి తీసుకునే పద్ధతే రాశాను. మొదటిదే మేలన్న మా సీనియరుతో మూడు రోజులు వాదించి నెగ్గాను కూడా.

మిల్లులో ఆ మిషన్ చూసుకునేది మావయ్య. పన్నెండున్నరకు కూలీలు అన్నాలకు లేవగానే ఆయన మిషన్నూ కంప్యూటర్నూ ఆపేసి, తిని వచ్చాక మళ్ళీ వేసేవారు. ఓసారి చూసి, అదేమన్నా కాడి కట్టిన ఎద్దా మావయ్యా, మధ్యాహ్నం విప్పడానికి అని దెప్పాను.

"ఎద్దయితే అదే ఆగుతుందమ్మా, దీనికి మనం చెప్పాలి" అన్నారు.

నాలుగు నెలలు ఏ పేచీ లేకుండా నడిచింది. తర్వాత ఆయన కైకలూరులో చుట్టాలింటికి వెళ్ళి మూడు రోజులు ఉండిపోతే, బదులు కూర్చున్నతను కంప్యూటర్ను ఆపనేలేదు. మావయ్య తిరిగొచ్చిన పొద్దున్నే బొమ్మలు రావడం మానేసి, నల్లగింజలన్నీ మంచి బియ్యంతో పాటు బస్తాల్లోకి పోయాయి. మిల్లు ఓనరుగారు కబురు చేస్తే వెళ్ళి, కంప్యూటరు ఒకసారి ఆపి వేసి బొమ్మలు రప్పించి, నా ప్రోగ్రాము వైపు కన్నెత్తయినా చూడకుండా, రోజూ స్విచ్చు తీసేస్తుంటే పాడవదా అండీ అని అందరిముందూ అనేశాను. నోరున్నదాని మాట, పైగా చదువుకున్నదాని మాట. సాయంత్రానికల్లా మావయ్యని ఊకకొట్టు దగ్గరికి మార్చేశారు.

ఆ తర్వాత ఎవరూ స్విచ్చు తియ్యలేదు. మూడో రోజుకి మిషన్ మళ్ళీ ఆగింది. అప్పుడు కూర్చుని చూద్దును కదా, మెమరీ ఖాళీగానే ఉంది, కానీ ఇక్కడో ముక్క అక్కడో ముక్క, బొమ్మకి సరిపడా ఒకే వరస ఎక్కడా లేదు. మావయ్య మధ్యాహ్నం ఆపినప్పుడల్లా విస్తళ్ళన్నీ ఎత్తేసి బంతి మొదటినుంచి వేసినట్టయ్యేది. నాలుగు నెలలు నా తప్పుకి ఆయనే కాపు కాశారన్నమాట. కంప్యూటరు లేవగానే చోటు పట్టుకునేలా మార్చాను, పది లైన్ల పని. ఓనరుగారితో మాత్రం చిన్న సవరణ చేశానండీ అని ఊరుకున్నాను. మొదటి ఉద్యోగం, మొదటి మిషన్, వాదించి ఓడించిన సీనియరు. వెనక్కి తిరిగితే గుమ్మంలో మావయ్య, తలగుడ్డ నిండా ఊకదుమ్ముతో.

"ఇక మధ్యాహ్నం ఆపక్కర్లేదామ్మా?"

"అక్కర్లేదు మావయ్యా."

తలూపి వెళ్ళిపోయారు. ఏడాది తిరక్కుండానే దగ్గు పట్టుకుని పని మానేశారు.

ఇప్పుడు చేతిలో ఫోనుకే ఆ మిల్లు కంప్యూటరుకి ఎన్నో రెట్ల మెమరీ, చోటు కోసం మూడు రోజులు వాదించుకునేవాళ్ళు లేరు. నా వాదం మాత్రం నాతోనే మిగిలింది. మొన్న బంతిలో మా పిన్ని కొడుకు కథ ముగించేసరికి, ఈసారి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎదురు వరసలో మజ్జిగన్నం కలుపుకుంటున్న మావయ్య, "అవునర్రా, నేనే పీకేశాను" అని అందరికంటే ముందు నవ్వి, నవ్వుతూనే ఒక్కసారి నావైపు చూశారు. తెరిచిన నోట్లో నేను ముద్ద పెట్టుకున్నాను.

ఆయనకు తెలుసా? తెలిస్తే, ఇన్నేళ్ళుగా ఆయన నవ్వుతున్నది ఎవర్ని చూసి?